స్టెల్లేరియంలో చందమామ దారి: తిరుపతి నుంచి వాడి చూస్తే

స్టెల్లేరియం కంప్యూటర్ వెర్షన్‌కి పైసా ఖర్చు లేదు. చుక్కలు చూపించే సాఫ్ట్‌వేర్ అనే పేరున్నా, చంద్రుడి కక్ష్య నెలనెలా ఎలా మారుతోందో అంకెల్లో పట్టుకోవడానికి ఇది భేషుగ్గా పనికొస్తుంది. కాకపోతే ముందు మూడు చోట్ల సర్దుకోవాలి.

ఎఫ్6 నొక్కి ఊరు చూడండి. నెట్‌ని బట్టి తనే ఊరు పట్టుకునే ఆప్షన్ ఆన్‌లో ఉంటే చెన్నై చూపించొచ్చు, అప్పుడు చంద్రోదయం మూడు నిమిషాలు తేడా వస్తుంది. మనకు అక్షాంశం 13.6, రేఖాంశం 79.4. ఎఫ్4లో చంద్రుణ్ణి పెద్దగా చూపే టిక్ ఉంటే తీసేయండి. అది ఉంటే సైజు తేడాలు చూసి ఏం తేల్చినా తప్పే.

మూడోది ఎక్కువమంది పట్టించుకోనిది, అసలు తిప్పలంతా తెచ్చేది. ఎఫ్2లో టోపోసెంట్రిక్ ఆన్‌లో ఉంటే దూరం మనం నిలబడ్డ చోటు నుంచి వస్తుంది. ఉదయించే చంద్రుడు నడినెత్తికి వచ్చేసరికి ఆ లెక్కలో దాదాపు 6,000 కి.మీ. దగ్గరవుతాడు. అది భూమి వ్యాసార్ధం చేసే మాయ, కక్ష్యది కాదు. ఆఫ్ చేస్తే దూరం భూకేంద్రం నుంచి వస్తుంది.

ఇక ఎఫ్3లో చంద్రుణ్ణి వెతికి, '=' నొక్కుతూ రోజుకొక దూరం రాసుకోండి. నేల కింద ఉన్నాడనిపిస్తే 'జి' నొక్కితే నేల మాయమవుతుంది. దగ్గరి దూరం ఒక నెల 3,57,000 కి.మీ. ఉంటే, ఇంకో నెల 3,70,000 ఉంటుంది. రెండు దగ్గరి బిందువుల మధ్య సగటు 27.55 రోజులే అయినా ఏ నెలా ఆ సగటుకి కట్టుబడదు. సూర్యుడి ఆకర్షణ కక్ష్యను సాగదీస్తూ, కుదిస్తూ ఉంటుంది మరి.

శ్రీకాళహస్తి పక్కనే ఉన్నవాళ్లకి రాహువుని వెతకడం సరదాగా ఉంటుంది. క్రాంతివృత్తం అంటే ఆకాశంలో సూర్యుడు సాగే దారి. చంద్రుడి క్రాంతివృత్త అక్షాంశం (ఆ దారికి ఎంత ఎడంగా ఉన్నాడో) దక్షిణం నుంచి ఉత్తరానికి పోతూ సున్నా అయిన క్షణంలో క్రాంతివృత్త రేఖాంశం రాసుకోండి. చంద్రుడి దారి సూర్యుడి దారిని దాటే ఆ చోటే రాహు స్థానం. నెలకి నెల పోలిస్తే ఊగిసలాట కనిపిస్తుంది. ఏడాది తేడా తీయండి, సుమారు 19 డిగ్రీలు వెనక్కి జరిగి ఉంటుంది. మొత్తం చుట్టు 18.6 ఏళ్లు. పంచాంగంతో పోలిస్తే అంకె కలవదు, కంగారు పడొద్దు: ఇది విషువత్తు బిందువు నుంచి కొలిచే సాయన లెక్క, పంచాంగానిది చుక్కల్ని బట్టి కొలిచేది. రెండింటి తేడాయే అయనాంశ, అది సుమారు 24 డిగ్రీలు తీసేయాలి.

ఈ చుట్టు ఫలితం మన కొండ మీదుగానే కనిపిస్తుంది. 2025లో చంద్రుడు క్రాంతి (ఖగోళ మధ్యరేఖ నుంచి ఎడం) ఉత్తరంగా 28.5 డిగ్రీల దాకా వెళ్లాడు, మన అక్షాంశం 13.6 తీసేస్తే నడినెత్తికి 15 డిగ్రీలు ఉత్తరంగా, తిరుమల వైపు. ఎఫ్5తో 2034కి వెళ్లి చూడండి, ఆ ఎడం 5 డిగ్రీలకి లోపే.

లోటు ఒకటుంది: ఇది ఎక్కడున్నాడో చూపిస్తుంది, ఎందుకో చెప్పదు. సూర్యుణ్ణి తీసేస్తే ఏమవుతుందో పరీక్షించే వీలు లేదు. చంద్రుడు ఏటా 3.8 సెం.మీ. దూరమవుతున్న సంగతి కూడా ఇందులో దొరకదు. అది అపోలో యాత్రికులు చంద్రుడి మీద పెట్టిన అద్దాల మీద లేజర్ కొట్టి కొలిచే పని. రోజూ చేత్తో రాయడం విసుగైతే ఎఫ్10లో ఎఫిమెరిస్ (తేదీల వారీ స్థానాల పట్టిక) తెరిచి, అంతరం ఒక రోజు పెట్టి, పట్టిక ఎగుమతి చేసుకోండి.