రెండు సుప్రీంకోర్టులు: ఢిల్లీ, వాషింగ్టన్

అమెరికా సుప్రీంకోర్టు 1790లో మొదలైంది. మనది 1950 జనవరి 28న, పార్లమెంటు భవనంలోనే ఒక గదిలో. సొంత భవనంలోకి మారింది 1958లో.

అక్కడ 1869 నుంచి తొమ్మిది మందే జడ్జీలు. అందరూ కలిసి కూర్చుంటారు, పదవి జీవితాంతం. ఇక్కడ ఎనిమిది మందితో మొదలై 2019కి 34 అయ్యారు. మామూలుగా ఇద్దరు, ముగ్గురు చొప్పున బెంచీలుగా వింటారు, 65 ఏళ్లకు రిటైర్ అవుతారు. జీవితాంతం పదవి కంటే ఇదే మేలని నా నమ్మకం.

చట్టాన్ని కొట్టేసే అధికారం వాళ్ల రాజ్యాంగంలో రాసి లేదు. 1803లో మార్బరీ కేసులో కోర్టే చెప్పుకుంది. మనవాళ్లు ఇంకో అడుగు వేశారు. 1973లో కేశవానంద భారతి కేసులో 13 మంది కూర్చుని, 7-6 తేడాతో, రాజ్యాంగ సవరణకూ హద్దుందన్నారు. ఒక్క ఓటు అటు పడి ఉంటే!

అసలు తేడా గుమ్మం దగ్గరుంది. అక్కడ ఏటా వేలల్లో పిటిషన్లొస్తే పూర్తి వాదనలు వినేది వందలోపే. ఇక్కడ ప్రాథమిక హక్కుకు భంగం కలిగితే 32వ అధికరణం కింద నేరుగా వెళ్లొచ్చు. తీహార్ జైల్లో తోటి ఖైదీని హింసించారని ఒక ఖైదీ జస్టిస్ కృష్ణయ్యర్‌కు ఉత్తరం రాస్తే, దాన్నే పిటిషన్‌గా తీసుకున్నారు. వకీలు లేడు, ఫీజు లేదు. ఇక్కడ కేసులు గుట్టలుగా పేరుకున్నాయి. అయినా ఆ గుమ్మాన్ని మూయాలని నేననను.