షికాగోలో బోర్డులు, డెట్రాయిట్‌లో తాళాలు

షికాగోలో బ్లూ లైన్ రైలెక్కి క్లింటన్ స్టేషన్‌లో దిగి, ఐదు నిమిషాలు నడిస్తే 206, సౌత్ జెఫర్సన్ స్ట్రీట్ వస్తుంది. మూడంతస్తుల పాత భవనం. తలుపు మూసి ఉంది, లోపలికి వెళ్లి చూసేదేమీ లేదు.

"బావా, దీనికోసమా నన్ను పొద్దున్నే లేపావు?" అన్నాడు మా బావమరిది.

వాడు అన్నదాంట్లో తప్పేం లేదు. నాకు మాత్రం అక్కణ్నుంచి కదలబుద్ధి కాలేదు. షికాగోలో హౌస్, డెట్రాయిట్‌లో టెక్నో అనే ఎలక్ట్రానిక్ డ్యాన్స్ సంగీతాలు పుట్టాయి, ఆ చోట్లు చూడ్డానికే మా ఈ ప్రయాణం. 1977లో ఇక్కడే వేర్‌హౌస్ క్లబ్ మొదలైంది. న్యూయార్క్ నుంచి వచ్చిన ఫ్రాంకీ నకుల్స్ ఇక్కడే డీజేగా స్థిరపడ్డారు. 'హౌస్' అన్న పేరు పుట్టింది ఈ వేర్‌హౌస్‌లోంచే. 2004లో ఆ వీధికి గౌరవంగా ఆయన పేరు పెట్టారు. 2023లో భవనానికి నగరం లాండ్‌మార్క్ హోదా ఇచ్చింది. అంతకుమించి అక్కడ చేసేదేం లేదు. ఫొటో తీసుకుని వచ్చేయడమే, పది నిమిషాల పని.

నకుల్స్ రికార్డులు చూడాలంటే సౌత్ సైడ్‌లోని స్టోనీ ఐలాండ్ ఆర్ట్స్ బ్యాంక్‌కి వెళ్లాలి. 1920ల్లో కట్టిన బ్యాంకు అది, పాడుబడిపోయింది. థియాస్టర్ గేట్స్ అనే కళాకారుడు దాన్ని నగరం నుంచి ఒక్క డాలరుకు కొని బాగుచేయించి, 2015లో జనానికి తెరిచారు. నకుల్స్ సొంత రికార్డులు అక్కడే ఉన్నాయి. అరల్లో వరసగా నిలబెట్టి ఉంటే దూరం నుంచి చూడాల్సిందే. అయినా కొన్ని కవర్ల అంచులు అరిగి, మూలలు మెత్తబడి కనిపించాయి. ఎన్ని రాత్రులు చేతులు మారితే అట్టముక్క అలా అవుతుంది! షికాగోలో నాకు బాగా నచ్చింది ఇదే. వారంలో కొన్ని రోజులే తెరుస్తారు కాబట్టి ముందు చూసుకుని బయల్దేరండి. డౌన్‌టౌన్ నుంచి బాగా దూరం, మేం క్యాబ్‌లో వెళ్లాం.

రికార్డులు కొనడానికి నార్త్ క్లార్క్ స్ట్రీట్‌లోని గ్రామఫోన్ రికార్డ్స్ ఉంది. 1969 నాటి షాపు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, షికాగో సంగీతకారుడు లారీ హెర్డ్ మిస్టర్ ఫింగర్స్ పేరుతో చేసిన 'కెన్ యూ ఫీల్ ఇట్' విన్నాను. ట్రాక్స్ అనే లేబుల్ (రికార్డు కంపెనీ) 1986లో తెచ్చిన రికార్డు. వాడింది జూనో-60 అనే ఒక సింథ్ (ఎలక్ట్రానిక్ కీబోర్డు), 909 అనే ఒక డ్రమ్ మెషిన్, అంతే. అడుగున మోగే ఆ బేస్‌లైన్ కొన్ని స్వరాలు వేసి ఆగుతుంది, ఆ ఖాళీలోకి తీగల్లాంటి సింథ్ మెల్లగా దిగుతుంది. ఇంట్లో వందసార్లు విన్న పాటే. బావమరిది చేతికి హెడ్‌ఫోన్స్ ఇస్తే మొత్తం విని, "ఇందులో పాటెక్కడుంది?" అని అడిగాడు. పాపం.

ఆదివారం రాత్రి స్మార్ట్‌బార్‌లో 'క్వీన్!' పార్టీకి వెళ్లాలనుకున్నాం. 1982 నుంచి నడుస్తున్న క్లబ్ అది, మెట్రో హాలు కింద ఉంటుంది. వీడు పాస్‌పోర్ట్ రూములో మర్చిపోయాడు. 21 దాటినట్టు రుజువు లేకపోతే లోపలికి పంపరు. మళ్లీ రూముకి వెళ్లి వచ్చేసరికి గంటన్నర పోయింది. లోపల సౌండ్ మాత్రం అద్భుతం. బేస్ పొట్టలో తెలుస్తుంది, అయినా పక్కవాడితో మాట్లాడితే వినపడుతుంది.

బస సంగతి చెప్పాలి. డౌన్‌టౌన్‌లోని లూప్ ప్రాంతంలో ఒక హోటల్, పేరెందుకులే. బుకింగ్‌లో 'క్వయట్ రూమ్' అని ఉంది. కిటికీ పక్కనే పైవంతెన రైలు పట్టాలు. పైగా ఖాళీ చేసేటప్పుడు ముందు చెప్పని ఫీజు ఒకటి కలిపారు. లూప్‌లో రూమ్ తీసుకుంటే పట్టాల వైపు కాకుండా ఇవ్వమని గట్టిగా అడగండి.

అక్కణ్నుంచి డెట్రాయిట్‌కి వుల్వరిన్ రైలు, ఐదు గంటల పైమాట. అక్కడ న్యూ సెంటర్ ప్రాంతంలో స్టేషన్‌కి దగ్గరగా చిన్న అపార్ట్‌మెంట్ దొరికింది. పరుపు గట్టిది, వంటగదిలో ఒకే గిన్నె, అయినా మాకు సరిగ్గా సరిపోయింది. వుడ్‌వర్డ్ రోడ్డు మీద ట్రామ్ ఉంది, మేం వెళ్లినప్పుడు టికెట్ కూడా లేదు. గ్రాండ్ బులవార్డ్ మీద పడమర వైపు వెళ్తే మోటౌన్ అనే పాత రికార్డు కంపెనీ మ్యూజియం, తూర్పు వైపు వెళ్తే టెక్నో వాళ్ల సబ్‌మర్జ్. ఈ ఊరి సంగీతమంతా ఒకే రోడ్డు మీద ఉన్నట్టే.

3000, ఈస్ట్ గ్రాండ్ బులవార్డ్. ఇదే సబ్‌మర్జ్ భవనం, మైక్ బ్యాంక్స్, జెఫ్ మిల్స్ మొదలుపెట్టిన అండర్‌గ్రౌండ్ రెసిస్టెన్స్ అనే టెక్నో బృందానికి ఇల్లు. బయట నుంచి చూస్తే మూసిన ఆఫీసులా ఉంటుంది. ముందే మెయిల్ పెట్టి సమయం తీసుకుంటేనే ఎక్సిబిట్ 3000 అనే టెక్నో మ్యూజియం చూపిస్తారు. మాకు చూపించినాయన తీరిగ్గా, ఇంటికొచ్చిన చుట్టాలకు చెప్పినట్టు చెప్పారు. టెక్నోకి ఆద్యులైన ముగ్గురి కథ: హువాన్ ఆట్కిన్స్ 1985లో మెట్రోప్లెక్స్ లేబుల్ పెట్టడం, ఆ మరుసటేడు డెరిక్ మే ట్రాన్స్‌మాట్ మొదలుపెట్టడం, కెవిన్ సాండర్సన్ కేఎంఎస్ పెట్టడం. ముగ్గురూ డెట్రాయిట్ దగ్గరి బెల్విల్‌లో కలిసి చదువుకున్నవాళ్లే. నేను చదివి తెలుసుకున్నవే అవన్నీ, కానీ ఆయన నోటి వెంట వింటుంటే పక్కింటి కుర్రాళ్ల కబుర్లలా ఉన్నాయి. బావమరిది ఇక్కడ మొదటిసారి ప్రశ్నలు అడిగాడు.

కింద సెల్లార్‌లో రికార్డు షాపు. ఒక రికార్డు తీసి లైటు కింద వంచి చూశాను. పాట అయిపోయాక లేబుల్‌కీ గీతలకూ మధ్య మిగిలే నున్నటి భాగంలో ఎవరో చేత్తో చెక్కిన చిన్న మాటలు. వంచితే కనిపిస్తాయి, నిటారుగా పట్టుకుంటే మాయమవుతాయి. ఈ లేబుళ్లవాళ్లకు అదో అలవాటు.

మేలో మెమోరియల్ డే సెలవుల్లో వెళ్తే నది ఒడ్డున హార్ట్ ప్లాజాలో మూవ్‌మెంట్ అనే టెక్నో ఫెస్టివల్ ఉంటుంది, కానీ బసల ధరలు ఆకాశాన్నంటుతాయి. మాలాంటివాళ్లకు మామూలు రోజులే నయం. నాలుగు రోజులుంటే షికాగోకి ఒకటిన్నర చాలు, మిగతాది డెట్రాయిట్‌కి ఇవ్వండి. మేం తలకిందులుగా చేశాం.

తిరుగు రైల్లో వీడు నా ఫోన్ లాక్కుని, ఆ 'పాట లేని పాట' మళ్లీ పెట్టమన్నాడు.