జాగ్రత్త: కొత్త కంప్యూటర్‌లో పాత రకం ప్రాసెసర్ కూలర్ బిగించి ఇస్తున్నారు

బల్లార్షా, చంద్రపూర్, రాజురా వైపు ఉండి నాగపూర్ నుంచి అసెంబుల్డ్ కంప్యూటర్ తెప్పించుకునే మనవాళ్లు ఇది చదివాకే డబ్బు కట్టండి. గొడవ ఇంకా నడుస్తోంది కాబట్టి షాపు పేరు రాయడం లేదు.

నాది పెళ్లి వీడియోల ఎడిటింగ్ పని. ఇంటెల్ ఐ5-12400 ప్రాసెసర్‌తో మెషిన్ తీసుకున్నాను, బిల్లులో 'బాక్స్ ప్రాసెసర్' (అంటే కంపెనీ డబ్బాలో వచ్చేది) అనే ఉంది. చలికాలం ఏదో నెట్టుకొచ్చింది. ఎండలు ముదిరాక ఎక్స్‌పోర్ట్ (ఎడిట్ చేసిన వీడియోను ఫైలుగా తీయడం) పెడితే చాలు, ఫ్యాను ఒకటే మోత, ఆపైన నత్తనడక, ఒక్కోసారి దానంతటదే ఆఫ్. ముహూర్తాలు వరసగా ఉన్నప్పుడు పెళ్లివారు ఫోన్ల మీద ఫోన్లు చేస్తుంటే ఆ టెన్షన్ ఎలా ఉంటుందో ఈ పనిలో ఉన్నవాళ్లకు తెలుసు.

షాపుకు ఫోన్ చేస్తే, "మీ చంద్రపూర్ గర్మీకి ఏ కంప్యూటరైనా అంతే భాయ్, ఏసీ పెట్టించుకో" అన్నాడు. అసలు మోసం ఈ మాటలోనే ఉంది. మే నెలలో 45 డిగ్రీలు దాటే ఊళ్లో ఎవరైనా నిజమే కాబోలు అనుకుంటారు. కానీ గది పది డిగ్రీలు వేడెక్కితే ప్రాసెసర్ కూడా ఇంచుమించు ఆ పదే పెరగాలి. నా గది రాత్రి 30 ఉన్నప్పుడు కూడా, ఏ పనీ లేకుండానే ప్రాసెసర్ 60 దాటి ఉంది. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్‌లో చూశాను. ఎక్స్‌పోర్ట్ నొక్కిన కొన్ని సెకన్లకే 100. ఈ ప్రాసెసర్‌కు అదే హద్దు, అక్కడికి చేరగానే తనే వేగం తగ్గించుకుంటుంది.

వేడి ఎంత అన్నదే కాదు, ఎలా ఎక్కుతోందో చూడండి. పది పదిహేను నిమిషాల్లో మెల్లగా ఎక్కితే దుమ్మో, క్యాబినెట్‌లో గాలి ఆడకపోవడమో. సెకన్లలో ఎగబాకితే, ప్రాసెసర్ వేడిని లాగేసే కూలర్ దానికి సరిగ్గా ఆనలేదన్నట్టే.

పక్క డోర్ తీసి చూస్తే రంగురంగుల లైట్ల కూలర్. నాలుగు కాళ్లలో ఒకటి లాకే పడలేదు, వేలితో కదిపితే ఊగుతోంది. ఊడదీస్తే, వేడి కూలర్‌కు అందేలా మధ్యలో పూసే పేస్టు ఒక వైపు గడ్డకట్టి ఉంది, రెండో వైపు ప్రాసెసర్ లోహం కడిగిన పళ్లెంలా మెరుస్తోంది. అడుగున రాగి లేదు, ఉత్త అల్యూమినియం. 12400 బాక్స్‌లో ఇంటెల్ వాళ్ల సొంత కూలర్ వస్తుంది, అది ఏమైందో షాపువాడికే తెలియాలి. నాకిచ్చింది పాత 1200 సాకెట్‌ది (సాకెట్ అంటే బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు). పాత బోర్డుల్లో కూలర్ రంధ్రాల మధ్య దూరం 75 మిల్లీమీటర్లు, ఈ 1700 సాకెట్‌కు 78. పైగా ఇందులో ప్రాసెసర్ కాస్త కిందికి కూర్చుంటుంది. కాళ్లు చాపి బలవంతంగా నొక్కితే ఇక ఆనేదెక్కడ?

ఇప్పుడు డీప్‌కూల్ ఏజీ400 వేశాను. వేడిని పైకి లాగే గొట్టాలు (హీట్‌పైపులు) నాలుగు, 120 మిల్లీమీటర్ల ఫ్యాను. అదే గది, అదే ఎక్స్‌పోర్ట్, 70 దగ్గర ఆగుతోంది. అదే కొనమనడం లేదు. ఈ తరహా టవర్ కూలర్ ఏదైనా సరే, 1700 సాకెట్‌కు బిగించే బ్రాకెట్ ఉందో లేదో అడగండి, ఎత్తు మీ క్యాబినెట్‌లో పడుతుందో లేదో కొలవండి (దీనిది 150 మిల్లీమీటర్లు). అడుగున అంటించి ఉండే ప్లాస్టిక్ పొర పీకడం మరవొద్దు. పంపుతో ద్రవం తిప్పి చల్లబరిచే లిక్విడ్ కూలర్ అంటగట్టాలని చూస్తారు. ఎంత లాగినా 117 వాట్ల ప్రాసెసర్‌కు అది దండగ. అదీ గది వేడి కంటే కిందికి దించలేదు, పంపు పోతే బల్లార్షాలో బాగుచేసేదెవరు? ముందు భాగం మొత్తం అద్దం ఉన్న క్యాబినెట్ కూడా వద్దు, జాలీది తీసుకోండి. మన దగ్గర బొగ్గు దుమ్ము ఎక్కువ, అప్పుడప్పుడు బ్లోయర్ కొట్టాల్సిందే. కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకోండి. ఇంట్లోని నీళ్ల కూలర్ గాలి మాత్రం నేరుగా మెషిన్ మీదికి తిప్పకండి, తుంపర్లు పడతాయి.

కొనేటప్పుడు బిల్లులో కూలర్ మోడల్ రాయించండి. బాక్స్ మీది బ్యాచ్ నంబరు ప్రాసెసర్ మీదా ఉంటుంది. కూలర్ బిగించాక అది కనపడదు కాబట్టి ముందే ఫోటో తీయించుకోండి. ఖాళీ బాక్స్ అడిగి తెచ్చుకోండి. ఇంటెల్ వారంటీ అడిగేటప్పుడు అది పనికొస్తుంది. నా బాక్స్ కోసం ఎన్నిసార్లు అడిగినా "వెతుకుతున్నా భాయ్" అంటున్నాడే తప్ప ఇంతవరకు పంపలేదు.

ఇప్పటికే ఇలా ఇరుక్కున్నవాళ్లు ఊడదీసే ముందు, తర్వాత ఫోటోలు తీసి బిల్లుతో కలిపి పెట్టుకోండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబర్ 1915. అక్కడ తేలకపోతే కేసుకని నాగపూర్ పరిగెత్తక్కర్లేదు. 2019 చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే, అంటే చంద్రపూర్ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే, ఫిర్యాదు వేయొచ్చు. నేను ఆ కాగితాలే సిద్ధం చేస్తున్నాను.