రెండు సంచలనాలు: ఒపెరా న్యూట్రినోలు, ఎల్‌కే-99

2011 సెప్టెంబరులో, న్యూట్రినోలనే అతి సూక్ష్మ కణాలను పరిశీలించే ఒపెరా ప్రయోగ బృందం ఒక లెక్క బయటపెట్టింది. జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధనశాల నుంచి ఇటలీలోని గ్రాన్ సాసో ప్రయోగశాలకు సుమారు 730 కిలోమీటర్లు వచ్చిన న్యూట్రినోలు కాంతి కంటే 60 నానోసెకన్లు ముందే చేరినట్టు ఆ లెక్కలో తేలింది; కాంతిని మించిన వేగం లేదన్నది భౌతికశాస్త్రం మాట. 2023 జులైలో దక్షిణ కొరియా పరిశోధకులు ఎల్‌కే-99 అనే పదార్థం గది ఉష్ణోగ్రతలో, మామూలు పీడనంలోనే సూపర్‌కండక్టర్ (ఏ నిరోధమూ లేకుండా విద్యుత్తును పోనిచ్చే పదార్థం) అన్నారు. రెండూ నిలబడలేదు. అయినా రెంటినీ ఒకే గాటన కట్టడానికి నాకు మనసు రాదు.

ఒపెరా వాళ్లు నెలల తరబడి వెతికారు. తప్పు దొరక్కపోయేసరికి 'మీరూ పరీక్షించండి' అని తోటి శాస్త్రవేత్తలను అడిగారు. చివరికి అసలు కారణం సమయం కొలిచే ఏర్పాటులో సరిగ్గా బిగించని ఒక ఫైబర్ కేబుల్ అని తేలింది. వాళ్లు దాన్ని దాచకుండా ఒప్పుకున్నారు. నాకు వాళ్లమీద గౌరవం పెరిగింది అక్కడే.

ఎల్‌కే-99 పత్రం శీర్షికలోనే 'మొట్టమొదటి' అన్న మాట ఉంది. సూపర్‌కండక్టర్ అయస్కాంతం మీద గాల్లో తేలగలదు; అయితే అయస్కాంతం మీద ఒక అంచు మాత్రమే లేచిన ఎల్‌కే-99 ముక్క వీడియో లోకమంతా తిరిగింది. ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలతో సహా చాలాచోట్ల ఆ పదార్థాన్ని తయారుచేసి చూశారు, సూపర్‌కండక్టర్ గుణం కనబడలేదు. కొరియా వాళ్లు ఆధారంగా చూపిన, విద్యుత్ నిరోధం హఠాత్తుగా పడిపోవడం అందులో కలిసిన కాపర్ సల్ఫైడ్ పని.

ఒక్క విషయంలో మాత్రం ఎల్‌కే-99దే పైచేయి. తయారీ పద్ధతి పత్రంలోనే ఉండటంతో కొన్ని వారాల్లోనే సంగతి తేలింది. న్యూట్రినోల విషయం తేలడానికి 2012 దాకా ఆగాల్సి వచ్చింది.