బండి మీద ఫోనా, జీపీఎస్ నావిగేటరా? ఆరేళ్ల వాడకం తర్వాత

శ్రీశైలం నుంచి తిరిగి వచ్చిన మర్నాడు సాయంత్రం, మా అమ్మ తులసికోట దగ్గర దీపం పెడుతుంటే ఫొటో తీద్దామని ఫోను తెరిచాను. తెర మీద దీపం, అమ్మ చెయ్యి, తులసి మొక్క అన్నీ కదిలే నీళ్లలో నీడల్లా వణుకుతున్నాయి. నా చెయ్యి మాత్రం స్థిరంగానే ఉంది. ఫోను చెవి దగ్గర పెట్టుకుంటే లోపల పురుగు తొలుస్తున్నట్టు సన్నని గరగర. మరమ్మతు దుకాణంలో అబ్బాయి ఫోను చేతిలోకి తీసుకోకుండానే, "బండి హ్యాండిల్‌కి పెడుతుంటారా సార్?" అని అడిగాడు. ఆ ఫోను కొని అప్పటికి ఏడు నెలలు. కొన్న ధరలో ఐదో వంతు కెమెరా మార్చడానికే అయింది.

అది 2020 చివర. ఆ తర్వాతి సంవత్సరం సెప్టెంబరులో ఆపిల్ సంస్థ తన వినియోగదారులకు ఇదే విషయమై హెచ్చరిక ప్రచురించింది. ఎక్కువ శక్తి గల మోటార్‌సైకిల్ ఇంజన్ల కంపనం హ్యాండిల్ ద్వారా ఫోనుకు చేరితే కెమెరా పాడయ్యే అవకాశం ఉందని, అలాంటి బండ్లకు ఫోను తగిలించవద్దని, చిన్న స్కూటర్ల మీద పెట్టినా కంపనాన్ని తగ్గించే మౌంట్ వాడమని అందులో ఉంది. కారణం తేలికగానే అర్థమవుతుంది. చెయ్యి వణికినా ఫొటో చెదరకుండా ఉండేందుకు ఖరీదైన ఫోన్లలో లెన్సును బిగించి పెట్టరు, కదలడానికి వీలుగా వేలాడదీస్తారు. చెయ్యి ఎటు కదిలితే దానికి ఎదురుగా చిన్న అయస్కాంతాలు ఆ లెన్సును జరుపుతాయి. సింగిల్ సిలిండర్ బండి మీద ఎనిమిది గంటలు కూర్చుని దిగితే మన అరచేతులే మొద్దుబారతాయి. వెంట్రుకంత సందులో ఊగే ఆ లెన్సు సంగతి చెప్పనక్కర్లేదు.

నా బండి 350 సీసీ సింగిల్ సిలిండర్. ఈ ఆరేళ్లలో దాదాపు 70 వేల కిలోమీటర్లు తిరిగాను. ఎక్కువ భాగం తెలుగు రాష్ట్రాలు, ఒడిశా సరిహద్దు కొండలు. రెండుసార్లు హిమాచల్‌లోని స్పితి లోయ, ఒకసారి లేహ్. మొదటి ఏడాదిన్నర ఫోను మాత్రమే వాడాను. 2021లో మోటార్‌సైకిళ్ల కోసమే తయారుచేసిన ఒక జీపీఎస్ నావిగేటర్‌ను విదేశాల్లో ఉన్న బంధువుల చేత తెప్పించుకున్నాను. ఖర్చు నలభై వేలు దాటింది. అంత పెట్టి కొన్నది అన్ని చోట్లా నచ్చలేదు, నచ్చిన చోట మాత్రం దాన్ని వదులుకోలేను.

ముందు ఒక అపోహ తీర్చాలి. సిగ్నల్ పోతే ఫోనులో జీపీఎస్ కూడా పోతుందని చాలామంది నమ్ముతారు, నావిగేటర్ కొనడానికి అదే కారణంగా చెబుతారు. నిజానికి రెండూ ఒకే పని చేస్తాయి. 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాల సంకేతాలను వింటాయి, అంతే. దానికి సెల్ టవర్ అక్కర్లేదు. టవర్ ఉంటే ఏ ఉపగ్రహం ఎక్కడుందో ఫోనుకు ముందే తెలిసిపోతుంది కాబట్టి మన చోటు త్వరగా దొరుకుతుంది. లేకపోతే ఆ సమాచారం ఉపగ్రహం నుంచే రావాలి. ఒక్కో ఉపగ్రహం తన కక్ష్య వివరాలను 30 సెకన్లకు ఒకసారి పంపుతుంది, కాబట్టి ఆకాశం కనిపించే చోట కాసేపు కదలకుండా నిలబడితే సరిపోతుంది. సిగ్నల్ లేనప్పుడు పోయేది మన చోటు కాదు, మ్యాప్. హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లే దారిలో మన్ననూరు చెక్‌పోస్టు దాటి నల్లమలలోకి వెళ్లాక దోమలపెంట చేరేదాకా చాలాచోట్ల నా ఫోనుకు సిగ్నల్ అందదు. ఇంటి దగ్గరే ఆ ప్రాంతపు మ్యాప్ దించుకుని వెళితే నీలి చుక్క అడవిలో కూడా మనతోనే నడుస్తుంది. ఈ ఒక్క అలవాటు చేసుకుంటే నలభై వేల అవసరం సగం మందికి ఉండదు.

ఆ దారిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు వాహనాలను వదలరు. ఆఫ్‌లైన్ మ్యాప్ ఈ సంగతి చెప్పదు, నావిగేటరూ చెప్పదు. బయలుదేరే ముందు మనమే తెలుసుకోవాలి.

ఇక ఎండ. తయారీ సంస్థలు చాలా ఫోన్లకు 35 డిగ్రీల వరకే వాడుక పరిమితి చెబుతాయి. మన ఏప్రిల్‌లో ఆ అంకె ఉదయం పదకొండుకే దాటిపోతుంది. విజయవాడ వెళుతుంటే సూర్యాపేట చేరేసరికి ఫోను తెర మసకబారడం, ఛార్జింగ్ ఆగిపోవడం, ఆపైన వేడెక్కిందన్న హెచ్చరిక తప్ప మరేమీ కనిపించకపోవడం నాకు ప్రతి వేసవిలోనూ అనుభవమే. వాన కోసం వాడే నల్లటి జిప్పు సంచిలో పెడితే ఇంకా త్వరగా ఉడుకుతుంది. వైర్‌లెస్ ఛార్జింగ్ మౌంట్ కొన్నాను, ఎండాకాలంలో అది వేడికి వేడి తోడు చేసింది. ఇప్పుడు దాన్ని డిసెంబరు, జనవరి నెలల్లోనే తీస్తాను. నావిగేటర్ ఇన్ని వేసవుల్లో ఒక్కసారి కూడా వేడికి ఆగలేదు. మిట్టమధ్యాహ్నం సూర్యుడు వీపు వెనక ఉన్నా దాని తెర మీద గీత కనిపిస్తుంది. దక్షిణ భారతంలో బండి నడిపేవారికి ఆ పరికరం చేసే మొదటి మేలు ఇదే.

వాన సంగతి మారేడుమిల్లి ఘాట్‌లో తెలిసింది. ఆగస్టు నెల, చింతూరు వైపు దిగుతున్నాను. మబ్బు చెట్ల మీదికి దిగి ఉంది. మొదటి చినుకు తెర మీద పడగానే మ్యాప్ దగ్గరికి వచ్చింది. రెండోది పడితే దూరం జరిగింది. నాలుగైదు చినుకులు కలిసి జారేసరికి దారి మూసుకుపోయి, ఎప్పుడో వెతికిన ఒక బిర్యానీ హోటల్ తెరుచుకుంది. వేలితో సరిచేద్దామంటే తడిసిన చేతితొడుగును తెర గుర్తించదు. తొడుగు తీద్దామంటే ముందు మలుపు, ఎదురుగా లారీ. ఆ రోజు ఫోను జేబులో పెట్టేసి, మైలురాళ్లు చూసుకుంటూ దిగాను. చేతితొడుగుతో తాకినా పలికేలా, చినుకును వేలు అనుకోకుండా తయారైన తెర విలువ ఘాట్ రోడ్డు మీద వానలో తడిస్తేనే అర్థమవుతుంది. వాన నీరు ఛార్జింగ్ రంధ్రంలోకి వెళ్లడం ఫోనుతో ఇంకో బెడద. నావిగేటర్‌కి అలాంటి రంధ్రం బయటికి లేదు. మౌంట్‌లోనే లోహపు బొడిపెలు ఉంటాయి, వాటి మీద కూర్చోబెడితే కరెంటు అందుతుంది. తాళం తిప్పగానే వెలుగుతుంది, తీయగానే ఆరుతుంది. వైరు నేరుగా బ్యాటరీకి కాకుండా తాళంతో పనిచేసే లైనుకు, మధ్యలో ఫ్యూజుతో కలపమని మెకానిక్‌కి గట్టిగా చెప్పండి. లేకపోతే రాత్రంతా బ్యాటరీ తినేస్తుంది.

చలిలోనూ తేడా చూశాను. స్పితిలోని కాజా ఊళ్లో ఉదయం ఆరింటికి నలభై శాతం చూపిస్తున్న ఫోను కెమెరా తెరవగానే ఆరిపోయింది. చొక్కా లోపల పెట్టుకుని ఒంటి వేడి తగిలిస్తే మళ్లీ లేచింది. చలికి లిథియం బ్యాటరీ మందగిస్తుంది. నావిగేటర్‌లోనూ అదే రకం బ్యాటరీ ఉంటుంది, కానీ అది బండి కరెంటు మీద నడుస్తుంది కాబట్టి ఇబ్బంది రాలేదు.

ఇంతవరకు చదివితే నావిగేటర్‌దే పైచేయి అనిపిస్తుంది. మ్యాప్ దగ్గరికి వచ్చేసరికి కథ మారుతుంది. విదేశాల్లో కొన్న పరికరంలో సాధారణంగా మన దేశపు మ్యాప్ ఉండదు. విడిగా కొనాలి, లేదా జనమే కలిసి గీసే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి తయారుచేసిన ఉచిత మ్యాప్‌ను మెమరీ కార్డులో ఎక్కించుకోవాలి. నేను రెండోది చేశాను. రోడ్లు బాగానే ఉన్నాయి. చాలా అటవీ దారులు అందులోనే మెరుగ్గా ఉన్నాయి కూడా. చిక్కంతా వెతకడంలో ఉంది. కొత్తగూడెంలో ఒక లాడ్జి పేరు, పాడేరులో పంక్చర్ దుకాణం, ఆదివారం తెరిచి ఉండే పెట్రోల్ బంకు కావాలంటే నావిగేటర్ చేతులెత్తేస్తుంది. ఫోనులో పేరు తెలుగులో చెప్పినా దొరుకుతుంది, ముందు ట్రాఫిక్ ఆగిందో లేదో తెలుస్తుంది. గూగుల్ మ్యాప్స్‌లో ద్విచక్ర వాహనాల దారి 2017 డిసెంబరులో మన దేశంలోనే మొదలైంది. హైదరాబాద్ వంటి నగరంలోకి సాయంత్రం ప్రవేశించేటప్పుడు దానికి సాటి లేదు. ఊళ్లోకి రాగానే నేను నావిగేటర్ వైపు చూడడం మానేస్తాను.

మరి నావిగేటర్ నాకు ఎందుకింత ఇష్టమైందంటే, నేను గీసుకున్న దారి దాటి అది ఎటూ పోదు. ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని, ఏ కొండ ఎటువైపు ఎక్కాలో, ఏ వాగు పక్కగా వెళ్లాలో చూసుకుని గీత గీస్తాను. దాన్ని జీపీఎక్స్ ఫైలుగా ఎక్కిస్తే ఆ గీత తెర మీద అలాగే ఉంటుంది. పక్కదారి పట్టినా పరికరం దాన్ని చెరపదు, కొత్త దారి మన నెత్తిన రుద్దదు. గూగుల్ మ్యాప్స్ మామూలుగా ఆ ఫైలు తీసుకోదు, పదికి మించి మజిలీలు పెట్టనివ్వదు. అది త్వరగా చేరాలనుకునేవారి కోసం తయారైంది. బండి మీద ఊళ్లు తిరిగేవాడికి కావలసింది వేరు.

ఆ తేడా ఎంతదో పాడేరు కొండల్లో ఒక ఫిబ్రవరి మధ్యాహ్నం తెలిసింది. తారు రోడ్డు వదిలి కుడికి తిరిగితే 14 కిలోమీటర్లు కలిసొస్తాయని ఫోనులోని మ్యాప్ యాప్ చూపింది, తిరిగాను. కాఫీ తోటల మధ్య తారు సన్నబడి, మట్టి అయి, చివరికి రెండు చక్రాల గాడి మిగిలింది. ఇంటి ముందు చాపల మీద మిరియాలు ఎండబెడుతున్న పెద్దాయన నన్ను చూసి లేచి వచ్చి, "వాగు మీద కల్వర్టు కూలిపోయింది బాబూ, బండి దిగదు. నీలాంటి వాళ్లు రోజూ ఇద్దరు ముగ్గురు వచ్చి తిరిగిపోతున్నారు" అన్నారు. చెంబుతో నీళ్లిచ్చి, వెనక్కి వెళ్లి ఎక్కడ తిరగాలో పుల్లతో నేల మీద గీసి చూపించారు. దగ్గరి దారిని నేను గుడ్డిగా నమ్మడం మానేసింది ఆ రోజు నుంచే. గీసుకున్న దారిలోనూ వాగులు పొంగవచ్చు. కానీ గీసేటప్పుడు ఉపగ్రహ చిత్రంలో ఆ వాగును ఒకసారి చూసి ఉంటాను, అక్కడ అడిగి ముందుకు వెళ్లాలని తెలిసి ఉంటుంది.

మనాలీ-లేహ్ దారిలో పెట్రోల్ ఈ ఆలోచనను ఇంకా బిగిస్తుంది. తాండీ దగ్గర తర్వాతి పెట్రోల్ బంకు 365 కిలోమీటర్ల దూరంలో ఉందని రాసిన బోర్డు నేను చూశాను. అలాంటి చోట 20 కిలోమీటర్లు తప్పుదారి పట్టడం చిన్న పొరపాటు కాదు. జమ్మూ కశ్మీర్, లద్దాఖ్‌లలో మన ప్రీపెయిడ్ సిమ్ పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ ఉండాలి. అక్కడికి బయలుదేరే మిత్రులకు నేను చెప్పే మొదటి మాట ఇదే.

ఇంకో ముఖ్యమైన సంగతి. విదేశాల నుంచి తెప్పించుకునేవారు నావిగేటర్‌నూ, ఉపగ్రహం ద్వారా సందేశం పంపే పరికరాన్నీ ఒకటిగా భావించవద్దు. మొదటిది సంకేతాలు వింటుంది, అంతే. రెండోది పంపుతుంది కూడా, టెలికాం శాఖ అనుమతి లేకుండా దాన్ని మన దేశంలో ఉంచుకోవడం నేరం. తెలియక తెచ్చుకుని విమానాశ్రయంలో చిక్కుల్లో పడినవారున్నారు. రెండు పనులూ కలిసిన పరికరాలు కూడా అమ్ముతున్నారు, కొనే ముందు వివరాలు రెండుసార్లు చదవండి.

కొత్త బండ్లలో తెర బండితోనే వస్తోంది. రాయల్ ఎన్‌ఫీల్డ్ 2020లో మీటియర్‌తో ట్రిప్పర్ అనే, మలుపులు మాత్రమే చూపే చిన్న తెర ఇచ్చింది, 2023 హిమాలయన్‌లో గుండ్రటి తెర మీద పూర్తి మ్యాపే కనిపిస్తుంది. మా తమ్ముడి బండి మీద వారం రోజులు చూశాను, బాగుంది. అయితే అక్కడ లెక్క కట్టేది జేబులోని ఫోనే. అది వేడెక్కినా, ఆరినా తెర కూడా ఆగుతుంది. ఫోను మాత్రం కంపనానికి దూరంగా ఉంటుంది, అదే పెద్ద లాభం.

ఇప్పుడు నా పద్ధతి చెబుతాను. ఒకటి రెండు రోజుల ప్రయాణమైతే నావిగేటర్ ఇంట్లోనే ఉంటుంది. ఫోను చొక్కా లోపలి జేబులో, హెల్మెట్‌లో చిన్న స్పీకరు. మలుపు వచ్చే ముందు గొంతు చెబుతుంది, నా కళ్లు రోడ్డు మీదే ఉంటాయి. మోటారు వాహనాల నిబంధనలు కూడా చేతి ఫోనును దారి చూసుకోవడానికి మాత్రమే, అదీ ఏకాగ్రత చెదరకుండా వాడమంటున్నాయి. వారం దాటే ప్రయాణం, కొండలు, తెలియని రాష్ట్రం అయితే నావిగేటర్ హ్యాండిల్ మీదికి వస్తుంది.

అంత డబ్బు పెట్టలేనివారికి నేను ఏడాది పాటు పరీక్షించిన ఒక మార్గం ఉంది. ఇంట్లో పక్కన పడేసిన పాత ఫోను తీయండి. చౌక ఫోన్లలో చాలావాటికి ఊగే లెన్సు ఉండదు కాబట్టి కంపనంతో పోయేది తక్కువ, పోయినా పెద్ద బాధ లేదు. ఓస్‌మ్యాండ్ లాంటి యాప్‌లో రాష్ట్రం మొత్తం మ్యాప్ దించుకుని, మీ గీత ఎక్కించి, రబ్బరు దిమ్మెలున్న మౌంట్ మీద పెట్టండి. సిమ్ అక్కర్లేదు. ఎండలో తెర సరిగా కనిపించదు, వానలో సంచి తప్పదు. ఆ రెండూ ఓర్చుకోగలిగితే నావిగేటర్ చేసే పనిలో చాలా భాగం అది చేస్తుంది.

ఏది ఎంచుకున్నా అసలు ఫోనును మాత్రం హ్యాండిల్ మీద పెట్టవద్దని చేతులు జోడించి చెబుతున్నాను. పెట్రోలుకు డబ్బు కట్టేది దానితోనే, లాడ్జిలో గుర్తింపు కార్డు చూపేది దానిలోనే. బండి జారి పడ్డ రోజున 108కి పిలవాల్సింది దానితోనే. స్పితిలో నాకు విశాఖ దగ్గరి దువ్వాడ నుంచి వచ్చిన ఒక యువకుడు కలిశాడు. గుంతలో పడి మౌంట్ విరిగి ఫోను నదిలోకి జారిందట. ఒంటికి గీత కూడా పడలేదు. జేబులో మాత్రం నూటయాభై రూపాయలు ఉన్నాయి, ఇంట్లో ఒక్కరి నంబరు కూడా నోటికి రాదు. రాత్రి భోజనం దగ్గర నా ఫోను తీసుకుని, వాళ్ల నాన్న నంబరు గుర్తు చేసుకోవడానికి అరగంట కష్టపడ్డాడు. చివరి రెండు అంకెలు మార్చి మార్చి, నాలుగో ప్రయత్నంలో కలిసింది. అప్పటి నుంచి నేను నాలుగు నంబర్లు ఒక చీటీ మీద రాసి, ప్లాస్టిక్ కవరులో చుట్టి, బండి సీటు కింద పెడుతున్నాను.