కేలరీల లెక్క ప్యాకేజీ కొనబోతున్నారా? ముందు ఇది చదవండి

పాలమూరు వాళ్లెవరైనా ఫోనులో కేలరీలు లెక్కపెట్టించే 'మూడు నెలల్లో పది కిలోలు' ప్యాకేజీ కొనాలనుకుంటుంటే కాస్త ఆగండి. నేను 2,499 రూపాయలు కట్టాను. దాంతోపాటు వంటింటి తూకం యంత్రం ఒకటి పంపారు. మోసమంటే డబ్బు తీసుకుని సరుకు పంపకపోవడమే అనుకునేదాన్ని. ఇక్కడ సరుకంతా వచ్చింది, తంటా దానితోనే.

చేరేటప్పుడు నా బరువు, ఎంత తగ్గాలన్నదీ అడిగారు, అంతే. రోజంతా నిలబడి పాఠాలు చెప్పే మనిషినని ఎవరికీ పట్టలేదు. రోజుకు 1,200 కేలరీలు దాటకూడదన్నారు. కూర్చుని పనిచేసే 55 కిలోల స్త్రీకే రోజుకు 1,660 కావాలని తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. అది నేను ఆలస్యంగా చూశాను.

ఇక రొట్టె సంగతి. మా ఇంట్లో రాత్రిపూట జొన్నరొట్టెలే. పెనం మీద నుంచి తీసి తూస్తే ఒక్కోటి 80 గ్రాములు. యాప్ జాబితాలో జొన్నరొట్టె లేదు, జొన్నపిండి ఉంది. అదే ఎంచుకోమంది వాళ్ల సలహాదారు. 80 గ్రాముల పిండి అంటే దాదాపు 270 కేలరీలు. నిజానికి ఆ రొట్టెలో పిండి 50 గ్రాములే, మిగతాది కలిపేటప్పుడు పోసిన వేడినీళ్లు. అసలు లెక్క 170. నీళ్లకు కూడా కేలరీలు కట్టి నెలన్నరపాటు రెండో రొట్టె మానేశానన్నమాట!

సద్దుల బతుకమ్మ నాడు అమ్మ నువ్వుల సద్ది, కొబ్బరి సద్ది పెట్టిస్తే ఒక్కో ముద్దనూ యంత్రం మీద పెట్టాను. నువ్వుల్లో సగానికి దగ్గరగా కొవ్వే, కొవ్వు గ్రాముకు 9 కేలరీలు... మనసులో ఇదే గొణుగుడు. "ప్రసాదం కూడా తూస్తావా బిడ్డా?" అంది అమ్మ. నాకు కోపమే వచ్చింది, సిగ్గు వేయలేదు.

తర్వాతి వారం బోర్డు మీద రాస్తూ కళ్లు తిరిగి కూలబడ్డాను. నిన్న ఏం తిన్నారని డాక్టరు అడిగితే "1,140" అన్నాను. "ఎంత అని అడగలేదమ్మా, ఏం తిన్నారని అడిగాను" అన్నారాయన. చటుక్కున గుర్తుకు రాలేదు.

ఆ రాత్రే యాప్ తీసేశాను. మొదటి వారం తినే ముందు చేయి ఫోను కోసం వెతికేది. ఇప్పుడు ఆకలేస్తే రెండో రొట్టె, లేకపోతే లేదు.

యాప్ తీసేస్తే చెల్లింపు ఆగదు, ఇది మాత్రం మరిచిపోకండి. నాలుగో నెల మళ్లీ 2,499 కోసుకున్నారు. డబ్బు కట్టిన యూపీఐ యాప్‌లో 'ఆటోపే' అనే చోటికి వెళ్లి మనమే రద్దు చేసుకోవాలి. కంపెనీ వాళ్లు ఫోను ఎత్తకపోవడంతో జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915కు ఫిర్యాదు చేశాను. మీలో ఎవరికైనా ఇలా పోయిన డబ్బు తిరిగి వచ్చి ఉంటే, ఎన్నాళ్లు పట్టిందో చెప్పండి. నాది ఇంకా రాలేదు.