ట్యూబులరా, లిథియమా? సోలార్ ఇంటికి బ్యాటరీ మార్చేటప్పుడు ఏది మేలు

కరెంటు లైను లేకుండా సోలార్ మీదే ఇల్లు నడుపుకునేవాళ్లు నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఒకటే. “పాత బ్యాటరీలు ఛార్జ్ నిలపడం లేదు. మళ్లీ ట్యూబులరే వేయించమంటారా, లిథియంకి మారమంటారా?” ఈమధ్యే మా ఇంట్లో నాలుగు ట్యూబులర్ (లెడ్ యాసిడ్ రకం) బ్యాటరీలు తీసేసి లిథియం పెట్టించాం. ఎందుకు మారామో, ఎవరు మారనక్కర్లేదో చెబుతాను.

చాలామంది ముందుగా సైకిళ్లు, అంటే ఎన్నిసార్లు వాడి మళ్లీ ఛార్జ్ చేయొచ్చో లెక్కేస్తారు. ట్యూబులర్‌ని సగం వరకే వాడుకుంటూ వస్తే సుమారు 1,200 నుంచి 1,500 సైకిళ్లు, లిథియం ఐరన్ ఫాస్ఫేట్ (నేను లిథియం అంటున్నది ఈ రకాన్నే) అయితే 3,000 పైన. లెక్క బాగానే ఉంది. కానీ ట్యూబులర్ విషయంలో ఆ అంకె, వాడిన ప్రతిసారీ బ్యాటరీని మళ్లీ నిండా ఛార్జ్ చేస్తేనే వస్తుంది. మన ఇళ్లలో రోజూ అలా నిండుతోందా? నా దృష్టిలో అన్నీ తేల్చేది ఈ ఒక్క ప్రశ్నే.

లెడ్ యాసిడ్ బ్యాటరీ వాడుతున్నకొద్దీ పలకల మీద లెడ్ సల్ఫేట్ ఏర్పడుతుంది. ఆలస్యం చేయకుండా నిండా ఛార్జ్ చేస్తే అది మళ్లీ కరిగిపోతుంది. అరకొరగా వదిలేస్తే స్ఫటికాలు పెరిగి గట్టిపడతాయి, పలకలో అంత భాగం ఇక పనికిరాదు. పైగా 80 శాతం దాకా చకచకా ఎక్కే ఛార్జ్, ఆ చివరి 20 శాతానికి గంటలకొద్దీ సమయం తీసుకుంటుంది. అక్కడ ఎన్ని ప్యానెళ్లు పెట్టినా తొందరపెట్టలేం, బ్యాటరీ తీసుకునే ఆంప్స్ తగ్గిపోతాయి. కరెంటు లైను ఉన్న ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీకి రాత్రంతా సమయం ఉంటుంది. మనకు పొద్దు వాలేదాకానే. ముసురు పడితే అదీ లేదు.

మా పాతవి తీసేసే ముందు, నాలుగింటిలోని 24 సెల్స్‌లోనూ హైడ్రోమీటర్ (లోపలి యాసిడ్ సాంద్రత కొలిచే పరికరం) పెట్టి చూశాను. బాగా నిండిన ట్యూబులర్ సెల్ 1.240–1.250 దగ్గర చూపించాలి. మావి చాలావరకు 1.220 దాటలేదు. రెండు సెల్స్ అయితే 1.170 దగ్గరే ఆగాయి. ఈక్వలైజ్ చేస్తే (సెల్స్ అన్నీ సమానమయ్యేలా కావాలని ఎక్కువ వోల్టేజ్‌తో ఛార్జ్ చేస్తే) ఒకటి కొంచెం కోలుకుంది, రెండోది కదల్లేదు. రాత్రి ఫ్రిజ్ కంప్రెసర్ ఆన్ అయితే చాలు, ఇన్వర్టర్ కూత మొదలయ్యేది. నెలనెలా మరిచిపోకుండా డిస్టిల్డ్ వాటర్ పోశాను, టెర్మినల్స్ తుడిచాను. నీళ్ల లోటు వల్ల కాదు, వరసగా సగంసగం ఛార్జ్‌తో గడిపిన వారాల వల్లే అవి పోయాయి.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌కి ఈ జబ్బు లేదు. 40 శాతం దగ్గర వారం రోజులున్నా దానికి నష్టం లేదు. మబ్బుల మధ్య రెండు గంటలు ఎండ వచ్చినా, 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్, బ్యాటరీ సామర్థ్యం కొలత) బ్యాటరీ 50 ఆంప్స్ దాకా హాయిగా తీసుకుంటుంది. పెట్టిన కరెంటులో 95 శాతం దాకా తిరిగిస్తుంది, లెడ్ యాసిడ్ 80–85 శాతం. ఎండ తక్కువున్న రోజున ఆ తేడా ఒకటి రెండు లైట్లది కాదు, ఫ్రిజ్ నడవడం, నడవకపోవడం. సైజు విషయానికొస్తే, 12 వోల్టుల 200 ఏహెచ్ ట్యూబులర్‌లు నాలుగు కలిపి 9.6 యూనిట్లు, అందులో సగమే వాడాలి కాబట్టి 4.8. 51.2 వోల్టుల 100 ఏహెచ్ లిథియం 5.1 యూనిట్లు, 90 శాతం వాడినా 4.6. అంటే ఏహెచ్ సగమే అయినా పని దాదాపు అంతే. “200 తీసి 200 పెట్టాలేమో” అని కంగారు పడకండి.

లిథియంతో ఇబ్బందులు లేవని కాదు. ట్యూబులర్ నెమ్మదిగా నీరసిస్తుంది, ముందే తెలుస్తుంది. లిథియంలో బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే లోపలి సర్క్యూట్) కట్ చేసిందంటే ఒక్కసారిగా ఇల్లంతా చీకటి. వోల్టేజ్ చూసి ఎంత మిగిలిందో చెప్పలేం, మధ్యలో చాలా దూరం అది కదలదు. అందుకే షంట్ మీటర్ (లోపలికి వెళ్లే, బయటికి వచ్చే కరెంటు లెక్కపెట్టేది) తప్పకుండా పెట్టించండి. కంట్రోలర్‌లో (ప్యానెళ్ల నుంచి బ్యాటరీకి వెళ్లే ఛార్జ్‌ని అదుపు చేసే పరికరంలో) ఈక్వలైజేషన్ ఆపేయాలి, ఛార్జింగ్ సెట్టింగ్ మార్చాలి. మార్చడం కుదరని పాత కంట్రోలర్ అయితే దాని ఖర్చు కూడా కలుపుకోండి. సున్నా డిగ్రీల కన్నా చల్లబడే చోట, హీటర్ లేని లిథియంని ఛార్జ్ చేయకూడదు.

మరి ట్యూబులర్ ఎవరికి? అప్పుడప్పుడూ వెళ్లొచ్చే ఇంటికి నేనైతే అదే చెబుతాను. ఖాళీగా ఉన్నన్ని రోజులూ నిండుగా, ఫ్లోట్‌లో (నిండాక కొద్దికొద్దిగా ఛార్జ్ అందే దశలో) ఉంటే దానికి అంతకన్నా ఏం కావాలి? నీళ్లు చూసుకుంటే చాలు. లిథియంకి మాత్రం వేడిలో నెలల తరబడి 100 శాతం దగ్గర ఉండడం మంచిది కాదు. అవసరానికి మించి ప్యానెళ్లు ఉన్నవాళ్లకూ ట్యూబులర్ సరిపోతుంది. తేల్చుకోలేకపోతే కంట్రోలర్ హిస్టరీ తెరిచి, ఎండ బాగా తక్కువగా ఉన్న నెలలో ఎన్ని రోజులు ఫ్లోట్ దాకా వెళ్లిందో లెక్కపెట్టండి. వారంలో ఐదారు రోజులు వెళ్తుంటే ట్యూబులర్ ధైర్యంగా కొనుక్కోవచ్చు. ఒకటి రెండు రోజులే అయితే మళ్లీ లెడ్ యాసిడ్ వేయించకండి, అదే కథ పునరావృతం అవుతుంది.

జెల్, ఏజీఎం అనే మూసేసిన లెడ్ యాసిడ్ రకాలకు నీళ్లు పోసే పని ఉండదు, సల్ఫేట్ జబ్బు మాత్రం అదే. నికెల్ ఐరన్ చాలా ఏళ్లు ఉంటుంది కానీ పెట్టిన కరెంటులో ఎక్కువ వృథా చేస్తుంది. కారు బ్యాటరీలు ఇంజిన్ స్టార్ట్ చేయడానికి పలుచని పలకలతో చేసినవి, రోజూ సగం దాకా లాగితే నిలవవు.

ఇంకొకటి తరచుగా అడుగుతారు: పోయిన ఒకటి రెండు మాత్రమే మార్చి, మిగతా పాతవి ఉంచుకోవచ్చా అని. వద్దు. వరసలో ఒకే కరెంటు అన్నిటిలోనూ పారుతుంది కాబట్టి, పాతది ముందే ఖాళీ అయి కొత్తదాని బలాన్ని కూడా వాడుకోనివ్వదు. ఛార్జింగ్‌లోనూ రెండూ ఒకేసారి నిండవు. కొన్న ఆర్నెల్ల లోపు అయితే సరే, లేకపోతే సెట్ మొత్తం ఒకేసారి మార్చండి.